త్రిభుజాల దొర – కల్నల్ విలియం లాంబ్టన్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాసి పంపమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, ఈ ప్రాంతం వాళ్ళం మామూలుగా తలచుకునే పేర్లే నాకూ ముందు తోచాయి. పత్తికొండలో కన్నుమూసిన మన్రో దొర ఉన్నాడు. కరువులో వేలమందికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డి గారు ఉన్నారు. ఎమ్మిగనూరు నేతగాళ్ళకు సొసైటీ నిలబెట్టిన మాచాని సోమప్ప గారు ఉన్నారు. వీరి గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలోనే పదిమంది ఉంటారు. నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. కనుక మా వృత్తికి మూలపురుషుడని చెప్పదగిన ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు విలియం లాంబ్టన్. ఎవరెస్ట్ పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఎవరెస్ట్ ఎవరి కింద పని నేర్చుకున్నాడో చాలామందికి తెలియదు.

ఆయనకూ మన ఊళ్ళకూ ఏమిటి సంబంధం అంటారేమో. ఇంట్లో పిల్లల అట్లాసు ఉంటే తెరవండి. గుత్తి మీద స్కేలు పెట్టి నేరుగా ఉత్తరానికి, బీదరు దిక్కుగా ఒక గీత గీయండి. ఆ గీత సుమారుగా గోనెగండ్ల దాపున పోతుంది. ఎమ్మిగనూరు దానికి పదిహేను, ఇరవై కిలోమీటర్లు పడమర, ఆదోని ఇంకొంచెం పడమర. 1811లో గుత్తి దగ్గర మొదలుపెట్టి 1815లో బీదరు దగ్గరికి చేరేదాకా లాంబ్టన్ మనుషులు ఈ గీతకు అటూ ఇటూ ఉన్న కొండలెక్కి, జెండాలు పాతి, ఒక కొండ నుండి ఇంకో కొండకు కోణాలు చూసుకుంటూ పోయారు. భూగోళం ఎంత గుండ్రమో తేల్చడానికి కన్యాకుమారి దగ్గర నుండి హిమాలయాల దాకా కొలిచిన రేఖ అది. ప్రపంచ విజ్ఞాన చరిత్రలో ‘గ్రేట్ ఆర్క్’ అని దానికి పేరు. అది మన ముంగిట్లో నుంచే పోయింది.

లాంబ్టన్ 1753 ప్రాంతంలో ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో, నార్తలర్టన్ దగ్గర ఒక సామాన్య రైతు కుటుంబంలో పుట్టాడు. పుట్టిన సంవత్సరం కూడా కచ్చితంగా నమోదు కానంత సామాన్య కుటుంబం. లెక్కల్లో చురుకు కనుక ఊరివాళ్ళు కొందరు పూనుకుని చదివించారు. 1781లో 33వ రెజిమెంటులో చేరి అమెరికాకు పోయాడు. ఆ ఏడే యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేన లొంగిపోయినప్పుడు ఖైదీ అయ్యాడు. విడుదలయ్యాక కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో వలస వచ్చినవారికి భూములు కొలిచి హద్దులు పెట్టే పని, తరువాత బ్యారక్ మాస్టర్ పని. గ్రహణం చూడబోయి ఒక కన్ను పాడు చేసుకున్నాడని చెబుతారు. జీతం బాగుంది, పని తక్కువ. మిగిలిన వేళంతా గణితం, ఖగోళశాస్త్రం చదువుకున్నాడు. పదమూడేళ్ళు అట్లా గడిచాయి. రెజిమెంటుకు తిరిగి వస్తావా, ఆ ఉద్యోగంలోనే ఉంటావా అని పైవాళ్ళు నిలదీసినప్పుడు సుఖమైన ఉద్యోగం వదులుకుని ఇండియా ఓడ ఎక్కాడు. అప్పటికి నలభై దాటాయి. మనలో చాలామందికి ఆ వయసుకు సర్వీసు సగం అయిపోయి ఉంటుంది. ఆయన అసలు పని ఇంకా మొదలే కాలేదు.

33వ రెజిమెంటుకు అప్పుడు కమాండరు ఆర్థర్ వెల్లస్లీ, అంటే 1815లో వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. 1799లో శ్రీరంగపట్నం ముట్టడి వేళ జరిగిన ఒక సంగతి చెప్పుకోదగ్గది. జనరల్ బెయిర్డ్ కొంత దండుతో రాత్రిపూట ఒక తోపు మీదికి దాడికి పోయి తిరిగి వస్తున్నాడు. లాంబ్టన్ ఆకాశంలో చుక్కలు చూసి, మనం ఉత్తరానికి కాదు, దక్షిణానికి, అంటే టిప్పు సేనల దిక్కుకే పోతున్నామని చెప్పాడు. చుక్కలు చూడకుండానే తనకు దారి తెలుసని జనరల్ కొట్టిపారేశాడు. కాసేపటికే శత్రువుల కాపలా దళం ఎదురైంది. దీపం వెలిగించి దిక్సూచి చూస్తే చుక్కలు చెప్పిందే నిజం.

టిప్పు పతనం తరువాత కంపెనీ చేతికి మైసూరు మీద పెత్తనం, దాని వెనుకనే 1800లో నిజాం వదులుకున్న సీడెడ్ జిల్లాలు వచ్చాయి. ఆదోని, ఎమ్మిగనూరు ఆ లెక్కలోనే కంపెనీ కిందికి పోయి, తరువాత బళ్ళారి జిల్లాలో చేరి, 1953 అక్టోబరు 1 దాకా అందులోనే ఉన్నాయి. ఈ కొత్త దేశమంతటికీ సరైన పటం లేదు. కైఫీయతులు సేకరించిన కల్నల్ మెకంజీ మైసూరు సర్వే మొదలుపెట్టాడు. లాంబ్టన్ ఇంకొక ప్రతిపాదన పెట్టాడు. ఊళ్ళు, ఏళ్ళు, దారులు తరువాత గీయవచ్చు, ముందు సముద్రం నుండి సముద్రం దాకా కదలని కొన్ని బిందువులు కావాలి, వాటిని త్రిభుజాలతో కట్టిపడేయాలి అన్నాడు. వెల్లస్లీ బలపరిచాడు, మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ ఒప్పుకున్నాడు. ఖర్చు చూసే పెద్దల్లో ఒకరికి మాత్రం ఇది నచ్చలేదు. శ్రీరంగపట్నం పోవాలనుకున్నవాడు పల్లకీ బోయీలకు ఆ మాట చెబితే చాలు, వాళ్ళే చేరుస్తారు, దీనికి పటం ఎందుకని ఆయన అభ్యంతరం. ఆఫీసుల్లో అంచనాలు పెట్టి వెనక్కి తిప్పించుకున్న మన మిత్రులకు ఇది కొత్త కాదు.

పని 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైంది. ఇప్పుడు దేశంలో ఆ తేదీనే సర్వే దినంగా జరుపుతున్నారు. మొదటి పని ఆధార రేఖ కొలవడం. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలు లెక్కలో వస్తాయి. కనుక మొత్తం దేశానికి నేల మీద నిజంగా గొలుసుతో కొలవవలసింది ఒక్క భుజమే. ఆ ఒక్కటీ తప్పితే అన్నీ తప్పుతాయి. గొలుసు లండనులో రామ్‌స్డెన్ చేసిన నూరడుగుల ఉక్కు గొలుసు. చైనా చక్రవర్తికి కానుకగా పోయి, అక్కడ అక్కరకు రాక, చేతులు మారి ఇండియా చేరింది. దాన్ని నేల మీద పరచలేదు. ముక్కాలిపీటల మీద కొయ్య దోనెలు సమంగా అమర్చి, వాటిలో గొలుసు వేసి, పైన డేరా కప్పి, పక్కన థర్మామీటర్లు పెట్టారు. ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వేడి పెరిగితే నూరడుగుల ఉక్కు అంగుళంలో సుమారు 130వ వంతు సాగుతుంది. గొలుసు 400 సార్లు వేయాలి కనుక మొత్తానికి మూడంగుళాల తేడా. మద్రాసు ఎండలో ఇరవై డిగ్రీలు మారితే అయిదడుగులు. అందుకే ఏడున్నర మైళ్ళ గీతకు 57 రోజులు పట్టింది. ఆ దూరం ఆదోని నుండి ఎమ్మిగనూరుకు పోయే దారిలో సగం కూడా కాదు.

కోణాలు చూసే థియోడలైట్ సంగతి ఇంకా విచిత్రం. మూడడుగుల వెడల్పు చక్రం, అర టన్ను బరువు. లండనులో కేరీ అనే ఆయన తయారుచేశాడు. వస్తూ వస్తూ ఓడతో సహా ఫ్రెంచివాళ్ళకు చిక్కి మారిషస్ చేరింది. అది శాస్త్రానికి సంబంధించిన వస్తువని తెలుసుకుని అక్కడి ఫ్రెంచి గవర్నరు మర్యాదగా మద్రాసుకు పంపించాడు. యుద్ధంలో ఉన్న రెండు దేశాల మధ్య ఇట్లాంటి మర్యాద ఆ రోజుల్లో ఉండేది.

త్రిభుజాలంటే ఏవో పెద్ద చదువుల మాట అని మిత్రులు భయపడవద్దు. మీ పొలం ఎఫ్.ఎం.బి. కాపీ ఎప్పుడైనా తీయించి ఉంటే అందులో పొలం మధ్యగా అడ్డంగా పోయే జి లైన్లు చూసే ఉంటారు. పొలం ఎంత వంకరగా ఉన్నా దాన్ని ముందు త్రిభుజాలుగా విడగొడతారు. ఆ గీతల నుండి వంపు వంపుకూ ఆఫ్‌సెట్లు కొలిచి గట్టు గీస్తారు. నాలుగు కర్రలు మేకులతో బిగించి చట్రం కడితే పక్కకు వాలుతుంది, మూడు కర్రల చట్రం వాలదు. వడ్రంగికి తెలిసిన ఈ సత్యమే సర్వేకు పునాది. మూడు భుజాలూ తెలిస్తే ఆ త్రిభుజానికి ఒకే ఆకారం, ఇంకో దారి లేదు.

ఇక్కడ ఈ కాలపు సంగతి ఒకటి చెప్పకపోతే వ్యాసం సగమే అవుతుంది. మా మనవరాలు హైదరాబాదులో ఆర్కిటెక్టుల దగ్గర పనిచేస్తుంది. పాత కట్టడాలను లేజర్ స్కానరుతో కొలిచి డ్రాయింగులు తయారుచేయడం ఆమె పని. దసరాకు వచ్చినప్పుడు కంప్యూటరులో చూపించింది. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన చిన్న పెట్టె తన చుట్టూ తాను తిరుగుతూ సెకనుకు లక్షల సార్లు లేజరు కిరణం వదులుతుంది. కిరణం గోడకు తగిలి వచ్చిన దాన్నిబట్టి దూరం, అది పోయిన దిక్కునుబట్టి రెండు కోణాలు తెలుస్తాయి. అంటే ప్రతి దెబ్బకూ ఒక బిందువు. ఆదోనిలో సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన శాహీ జామియా మసీదు అంతటి కట్టడాన్ని ఇట్లా కొలవాలంటే పెట్టెను లోపలా బయటా ఎన్నో చోట్ల నిలబెట్టాలి. అన్నీ కలిపితే కోట్ల బిందువులు. దీన్ని వాళ్ళు పాయింట్ క్లౌడ్, అంటే బిందువుల మేఘం అంటారు. పేరు బాగానే పెట్టారు. దూరం నుండి అచ్చం గోడలాగే కనిపిస్తుంది. దగ్గరికి పోతే గోడ లేదు, దుమ్ము రేణువులు మాత్రమే. ఆ రేణువుల్లో ఏది మూల, ఏది అంచు, ఏది కమాను వంపు అన్నది యంత్రానికి తెలియదు.

ఈ దుమ్మును డ్రాయింగుగా మార్చడానికి వాళ్ళు చేసేది లాంబ్టన్ చేసిందే. పక్కపక్క బిందువులను త్రిభుజాలుగా కలిపి వల అల్లుతారు. దాన్ని మెష్ అంటారు. వల తయారయ్యాక నేలకు నాలుగడుగుల ఎత్తున దాన్ని అడ్డంగా కోస్తే ప్లాను, నిలువునా కోస్తే సెక్షను, ఎదురుగా చూస్తే ఎలివేషను వస్తాయి. గుజరాత్‌లోని పాటన్‌లో రాణీ కీ వావ్ అనే మెట్ల బావిని 2011లో ఇట్లాగే లేజరుతో కొలిచారు.

వల అల్లడానికి ముందు చాకిరీ చాలా ఉంది. కొలుస్తున్నప్పుడు అడ్డం వచ్చిన మనుషులు, పావురాలు, మోటారు సైకిళ్ళు కూడా బిందువులై కూర్చుంటాయి. వాటిని ఏరేయాలి. ఒక్కొక్క చోటు నుండి తీసిన మేఘాలను ఒకదానికొకటి అతికించాలి. రెండు చోట్ల నుండీ కనిపించే గుర్తులు కొన్ని ఉంటేనే అతుకు కుదురుతుంది. మూడు గ్రామాలు కలిసే చోట పాతే ట్రై జంక్షన్ రాయిలాగ అన్నమాట. తరువాత పలుచన చేయాలి. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల ఎత్తు ఉన్న నున్నటి గోడను అయిదు మిల్లీమీటర్లకొక బిందువు చొప్పున కొలిస్తే 20 లక్షల బిందువులు, వాటితో సుమారు 40 లక్షల త్రిభుజాలు. గోడ నిజంగా చదునైతే దానికి రెండు త్రిభుజాలు చాలు. పక్కనే ఉన్న నగిషీకి మాత్రం లక్ష త్రిభుజాలైనా తక్కువే. ఎమ్మిగనూరు నేతగాడు బట్టంతటా ఒకే వాటంగా నేస్తాడు. ఈ వల అట్లా కాదు, పని ఉన్న చోట దట్టంగా, లేని చోట పలుచగా ఉండాలి. అదీ గాక, 1:50 స్కేలు డ్రాయింగులో పావు మిల్లీమీటరు మందం గీత అంటే గోడ మీద పన్నెండున్నర మిల్లీమీటర్లు. అంతకంటే సన్నని వివరం కాగితం మీద ఎట్లాగూ కనిపించదు. ఇది మా ట్రేసింగ్ టేబుల్ దగ్గర అందరికీ తెలిసిన లెక్కే.

ఆమె చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది సన్న త్రిభుజాల సంగతి. బిందువులను ఎట్లా పడితే అట్లా కలిపితే సూదుల్లాంటి త్రిభుజాలు వస్తాయట, వాటితో గోడ ముడతలు పడినట్టు కనిపిస్తుందట. అందుకని డెలొనే అనే రష్యా గణిత శాస్త్రజ్ఞుడు 1934లో ఇచ్చిన నియమం వాడతారు. త్రిభుజం మూడు శీర్షాల గుండా వృత్తం గీస్తే అందులో వేరే బిందువు పడకూడదు. అట్లా కలిపితే వీలైనంత వరకు సన్న కోణాలు తప్పుతాయి. సర్వేలో మాకు మొదటి నుండీ చెప్పే మాట, ముప్పయి డిగ్రీల కంటే తక్కువ కోణం ఉన్న త్రిభుజం తీసుకోవద్దని. ఎందుకంటే కోణం చూడటంలో ఒకే పాటి తప్పు జరిగినా, ముప్పయి డిగ్రీల దగ్గర భుజంలో వచ్చే తేడా కంటే పది డిగ్రీల దగ్గర వచ్చేది మూడు రెట్లు మించి ఉంటుంది. లాంబ్టన్ కొండలను ఏరుకున్నది ఈ లెక్క మీదే. మంచి కొండైనా త్రిభుజం చక్కగా కుదరకపోతే వదిలేసి ఇంకోటి వెతికేవాడు.

తేడా ఒక్కటే. లాంబ్టన్‌కు ఒక్కొక్క బిందువు ఒక కొండెక్కడం, ఒక జ్వరం, ఒక వారం. కనుక కొలవక ముందే ఆలోచించి ఎంచుకున్నాడు. స్కానరుకు బిందువు ఉచితం. అది ముందు అంతా పోగేస్తుంది, ఎంచుకునే పని తరువాత మనిషి మీద పడుతుంది.

ఇంకో సంగతి నాకు అంతగా రుచించలేదు. స్కానరుకు కనిపించని చోట్లు ఉంటాయి, స్తంభం వెనుక, చూరు పైన. అక్కడ వలలో చిల్లి పడుతుంది. 2006లో వచ్చిన పాయిసన్ పద్ధతి అని ఒకటుంది. అది బిందువులన్నిటికీ కలిపి ఒకే నున్నటి ఉపరితలాన్ని లెక్కగడుతుంది, చిల్లులను తానే పూడుస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఆ పూడ్చిన భాగాన్ని ఎవరూ కొలవలేదు. కోట గోడకు రేపు మరమ్మతు చేసే ఇంజనీరు ఆ డ్రాయింగు నమ్మి రాళ్ళు తెప్పిస్తే ఏమిటి గతి? కొలవని చోట చిల్లి చిల్లిగానే ఉంచాలని, లేదా చుక్కల గీతతో చూపాలని నా అభిప్రాయం. మనవరాలు కూడా అట్లాగే చేస్తుందట. టేపుతో నాలుగు చోట్ల చేత్తో కొలిచి, వలలో వచ్చిన కొలతతో సరిచూసుకోనిదే డ్రాయింగు పంపదట. విన్నప్పుడు సంతోషం కలిగింది.

సరిచూసుకోవడంలో లాంబ్టన్‌ను మించినవాడు లేడు. మద్రాసు నుండి త్రిభుజాలు నడుపుకుంటూ బెంగుళూరు చేరాక 1804లో అక్కడ మళ్ళీ ఒక ఆధార రేఖను గొలుసుతో కొలిచాడు. మద్రాసు గీత నుండి లెక్కగట్టిన పొడవుకూ నేల మీద కొలిచిన పొడవుకూ తేడా అంగుళాల్లోనే వచ్చింది. తరువాత పడమటి తీరం దాకా పోయి చూస్తే మద్రాసు నుండి మంగుళూరుకు అడ్డంగా దూరం సుమారు 360 మైళ్ళేనని తేలింది. పాత పటాలు 400 మైళ్ళని చూపేవి. నలభై మైళ్ళ భూమి కాగితం మీద నుండి మాయమైంది. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. భూమి గుండ్రం కనుక పెద్ద త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలకు మించుతాయి. 76 చదరపు మైళ్ళకు ఒక సెకను చొప్పున మించుతుంది. లాంబ్టన్ దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు.

దక్షిణాదికి పోయినప్పుడు కష్టం వచ్చింది. కావేరి డెల్టాలో కొండలు లేవు, అంతా వరి మడి, కొబ్బరి తోట. దేవాలయ గోపురాలే కొండలు. 1808లో తంజావూరు పెద్ద గుడి మీదికి థియోడలైట్‌ను తాళ్ళతో ఎత్తుతుండగా తాడు తెగి, అర టన్ను యంత్రం గోపురానికి కొట్టుకుంది. చక్రం వంగిపోయింది. దేశం మొత్తానికి ఒకే యంత్రం. వేరేవాడైతే నివేదిక రాసి, కొత్తది వచ్చేదాకా కూర్చునేవాడు. లాంబ్టన్ దాన్ని తిరుచిరాపల్లి ఆయుధాగారానికి పట్టించుకుపోయి, ఒక డేరాలో మూసుకుని, పనివాళ్ళ సాయంతో చీలలు, మరలు, కప్పీలు వేసి చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున లాగుతూ ఆరు వారాల్లో దాదాపు మునుపటి గుండ్రానికి తెచ్చాడు. ఆనాడు యంత్రాన్ని గుడి మీదికి ఎక్కించి దేశాన్ని కొలిచారు, ఇప్పుడు యంత్రాన్ని నేల మీద పెట్టి గుడిని కొలుస్తున్నారు.

ఆ తరువాతే ఆయన మన దిక్కు వచ్చాడు. 1811లో గుత్తి దగ్గర మళ్ళీ ఆధార రేఖ కొలిచాడు. అంతకు ముందే, 1800 నుండి 1807 దాకా, మన్రో సీడెడ్ జిల్లాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి పొలం పొలం కొలిపించాడు. మన్రో గొలుసు 33 అడుగులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు అయితే ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం.  పదేళ్ళ తేడాలో ఈ నల్లరేగడి మీద రెండు గొలుసులు నడిచాయన్నమాట. ఒకటి శిస్తు కోసం, రెండోది భూగోళం కోసం. శిస్తు గొలుసు అందరికీ గుర్తుంది, దాని దెబ్బ అందరి వీపు మీదా పడింది కనుక. రెండో గొలుసు వచ్చి పోయినట్టే ఎవరికీ తెలియదు. మన కొండల తీరు లాంబ్టన్‌కు బాగా కలిసివచ్చి ఉండాలి. చదును నేల మీద రాతి గుట్టలు విడివిడిగా లేచి ఉంటాయి, గాలి పొడిగా ఉన్న రోజు ఒక గుట్ట నుండి ముప్పయి మైళ్ళ అవతలి గుట్ట కనిపిస్తుంది.

గుత్తి నుండి ఉత్తరానికి తుంగభద్ర దాటితే నిజాం రాజ్యం, తూర్పున కర్నూలు నవాబు సీమ. కొండ మీద జెండా కనిపిస్తే ఊరివాళ్ళకు అనుమానం, కోట ఉన్న కొండైతే పాలకులకు భయం. దుర్భిణిలో చూస్తే మనుషులు తలకిందులుగా కనిపిస్తారని, అది అంతఃపురాల్లోకి చూసే యంత్రమని వదంతులు. లాంబ్టన్ స్వభావం నెమ్మది కనుక చాలాచోట్ల మాటలతోనే నెగ్గుకొచ్చాడు.

ఆయన ఒక్కడే చేశాడనుకోవడం పొరపాటు. సహాయకుల్లో ముఖ్యుడు జాషువా డి పెన్నింగ్, మద్రాసు అనాథ శరణాలయంలో పెరిగి సర్వే బడిలో చదివిన కుర్రవాడు. అట్లాంటి పిల్లలు ఇంకా కొందరు. వారికి తోడు జెండాలు పట్టిన లస్కర్లు, గొలుసు మోసినవాళ్ళు, పెట్టెలు మోసిన బోయీలు, వందలమంది మనవాళ్ళు. వాళ్ళలో జ్వరాలతో పోయినవాళ్ళు చాలామంది. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఎవరెస్ట్ వెంట పోయిన గుంపు గుంపంతా మంచాన పడి, హైదరాబాదు చేరేలోపు కొందరు దారిలోనే రాలిపోయారు. ఏ రికార్డులోనూ వాళ్ళ పేర్లు లేవు. పెన్షను మాట చెప్పనే అక్కర లేదు.

1815లో బీదరు దగ్గర మరో ఆధార రేఖ కొలవడంతో కన్యాకుమారి నుండి సుమారు పది డిగ్రీల చాపం పూర్తయింది. భూమధ్యరేఖకు అంత దగ్గరలో అంత పొడవైన కొలత ప్రపంచంలో అప్పటికి లేదు. ఫ్రెంచి సైన్సు అకాడమీ ముందుగా గుర్తించి సభ్యత్వం ఇచ్చింది, 1817లో లండను రాయల్ సొసైటీ ఫెలోను చేసింది. 1818 జనవరి 1 నుండి ఈ పనిని మద్రాసు నుండి గవర్నర్ జనరల్ కిందికి మార్చి గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అని పేరు పెట్టారు. ఆ ఏడాది చివర ఇరవై ఎనిమిదేళ్ళ జార్జి ఎవరెస్ట్ సహాయకుడుగా హైదరాబాదు చేరాడు. లాంబ్టన్‌కు అప్పటికి అరవై అయిదు. ఎవరెస్ట్ చూసేసరికి ముసలాయన మందగించి, మాటలు తగ్గి ఉన్నాడు. పెద్ద థియోడలైట్ బిగించే వేళకు మాత్రం వయసంతా దులిపేసుకుని లేచి నిలబడేవాడట.

అప్పటికి ఆయన కొలిచిన భూమి 1,65,000 చదరపు మైళ్ళకు పైమాటే. దిగిపొమ్మని ఎవరూ అనలేదు, ఆయనా దిగలేదు. 1823 జనవరిలో క్యాంపును హైదరాబాదు నుండి నాగపూరుకు మార్చుతూ, దారిలో ఇప్పటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ దగ్గర డేరాలో కన్నుమూశాడు. సుమారు డెబ్బై ఏళ్ళు. అక్కడే సమాధి చేశారు. ఆ సమాధిని చాలాకాలం పట్టించుకున్నవారు లేరు. 2000లో జాన్ కీ అనే రచయిత ఈ సర్వే మీద పుస్తకం రాశాక కొంతమందికి ఆయన పేరు తెలిసింది.

మిగిలిన పని ఎవరెస్ట్ చేతికి వచ్చింది. 1841లో రేఖ ముస్సోరీ కొండల దాకా చేరింది. 1852లో ఆ త్రిభుజాల మీద కట్టిన లెక్కల్లోనే రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ గణకుడు హిమాలయాల్లో ఒక శిఖరం అన్నిటికంటే ఎత్తని తేల్చాడు. 1865లో దానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే మొదలైనప్పుడు డ్రోన్లు, ఉపగ్రహాల సంకేతాలందుకునే స్టేషన్లు వచ్చాయి. కొండలెక్కే పని తప్పింది. తంజావూరులో వంగి, తిరుచిరాపల్లిలో సరిచేయబడిన ఆ అర టన్ను థియోడలైట్ మాత్రం డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. అటు యాత్రకు పోయే మిత్రులు వీలైతే అనుమతి అడిగి చూసి రావచ్చు.